దొరకని సోదాల లెక్క ఎక్కడుంది?

ఏజెన్సీ రోడ్ల మీద బండ్ల సోదాల గురించి ఎప్పుడు ఎవరు అడిగినా పోలీసుల వైపు నుంచి వచ్చే జవాబు ఒక్కటే. "గంజాయి వచ్చేది మీ కొండల నుంచే కదా, మిమ్మల్ని కాక ఇంకెవర్ని ఆపాలి?" ఈ మాట దగ్గర మనవాళ్ళు చాలామంది ఆగిపోతారు. అందులో సగం నిజం ఉంది మరి. గంజాయి పండేది ఎక్కడో మనకీ తెలుసు. పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందో, సరుకు ఎవరి లారీలో పోతుందో కూడా తెలుసు గానీ, ఆ సంగతి ఇంకోరోజు మాట్లాడుకుందాం. మన వైపు నుంచి పోయే మాట కూడా ఒక్కటే. "మమ్మల్నే ఆపుతున్నారు, కింద ఊళ్ళ కార్లు వదిలేస్తున్నారు." ఇదీ నిజమే, రోజూ పడేదే. కానీ పోలీసు మాటకీ మన మాటకీ ఒక పోలిక ఉంది. రెండిటి వెనకా లెక్క లేదు.

లెక్క లేనప్పుడు ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు. లాఠీ ఉన్నవాడిదే.

అందుకే ఈసారి కాస్త దూరం, అమెరికా దాకా పోదాం. అక్కడి హైవేల మీద నల్లజాతి డ్రైవర్లు సరిగ్గా ఇదే వాదన విన్నారు. "డ్రగ్స్ మోసేది మీవాళ్ళే, కాబట్టి మిమ్మల్నే ఆపుతాం" అని. వాళ్ళు దాన్ని మొదట కోర్టులో, ఆ తర్వాత గణితంలో ఎదుర్కొన్నారు. ముప్పై ఏళ్ళుగా సాగుతున్న ఆ పనిలో మనకి అక్కరకొచ్చేవి కొన్ని ఉన్నాయి. మన రోడ్ల మీద పనికిరానివీ ఉన్నాయి. రెండూ చెప్పుకుందాం.

1992 మే నెల. రాబర్ట్ విల్కిన్స్ అనే యువ లాయరు చికాగోలో తాతగారి అంత్యక్రియలు ముగించుకుని, బంధువులతో కలిసి అద్దె కారులో వాషింగ్టన్ తిరిగొస్తున్నాడు. మేరీలాండ్ రాష్ట్రంలో పోలీసు ఆపాడు. స్పీడు ఎక్కువైందన్నాడు. తర్వాత కారు సోదా చేస్తాం, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టండన్నాడు. విల్కిన్స్ హార్వర్డ్‌లో లా చదివినవాడు. ఏ అనుమానం మీద సోదా చేస్తారని అడిగాడు, ఒప్పుకోనన్నాడు. సరే అని కుక్కని తెప్పించారు. అంత్యక్రియల నుంచి వస్తున్న కుటుంబం వర్షంలో రోడ్డు పక్కన నిలబడింది. కుక్క కారు చుట్టూ తిరిగి వాసన చూసింది. ఏమీ దొరకలేదు. స్పీడుకి ఒక జరిమానా కాగితం రాసిచ్చి పంపేశారు.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోయేది. ఏమీ దొరకలేదు కాబట్టి కేసు లేదు, కేసు లేదు కాబట్టి కాగితం లేదు, కాగితం లేదు కాబట్టి అసలు ఏమీ జరగనట్టే. విల్కిన్స్ దాన్ని అక్కడ వదల్లేదు. ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ తోడుగా పోలీసుల మీద కేసు వేశాడు. ఆ దారిలో డ్రగ్స్ మోసేవాళ్ళు ఎక్కువగా నల్లవాళ్ళే అని చెప్పే పోలీసుల లోపలి నివేదిక ఒకటి ఆ కేసులో బయటపడింది. 1995లో రాజీ కుదిరింది. అందులో అన్నిటికంటే విలువైన షరతు డబ్బుకి సంబంధించింది కాదు. ఇకమీదట మేరీలాండ్ స్టేట్ పోలీసులు చేసే సోదాలకి రికార్డు ఉండాలి. సోదా ఎదుర్కొన్న మనిషి జాతేమిటి, ఏం దొరికింది, అసలు దొరికిందా లేదా, అన్నీ రాయాలి.

(విల్కిన్స్ ఇప్పుడు అమెరికా ఫెడరల్ అప్పీళ్ళ కోర్టులో జడ్జి. "ఏ అనుమానం మీద?" అని అతను అడగగలిగాడంటే ఆ చదువు కొంత, ఆ కోటు కొంత. వారపు సంతకి పోయొచ్చే మన పిల్లాడు ఘాట్ రోడ్డు మలుపులో అదే ప్రశ్న అడిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.)

ఆ రికార్డు తెరిచాక కనబడిందేమిటి? ఐ-95 అనే పెద్ద హైవే మీద బండ్లు నడిపేవాళ్ళలో నల్లవాళ్ళు సుమారు 18 శాతం. సోదాకి గురైనవాళ్ళలో వాళ్ళు 63 శాతం. పక్కనున్న న్యూజెర్సీలో జాన్ లాంబర్త్ అనే ప్రొఫెసరు ఇదే పనిని ఇంకో దారిలో చేశాడు. రోడ్డు మీద పోతున్న బండ్లని మనుషుల చేత లెక్కపెట్టించాడు. నల్లవాళ్ళున్న కార్లు నూటికి 13, 14. పోలీసులు ఆపినవాటిలో మాత్రం మూడోవంతుకి పైనే. 1996లో అక్కడి కోర్టు ఆ లెక్కని సాక్ష్యంగా తీసుకుంది. రోడ్డు పక్కన కూచుని బండ్లు లెక్కపెట్టిన కాగితం కోర్టులో సాక్ష్యమైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

18కి 63 అని వినగానే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ పోలీసుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఎక్కువమందిని చూస్తున్నాం, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఎక్కువ దొరుకుతోంది." ఈ జవాబుని కోపంతో కొట్టెయ్యలేం, పరీక్షించాలి. అట్లా పరీక్షించే దారి గ్యారీ బెకర్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1957లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆలోచన చాలా తేలిక. ఎంతమందిని సోదా చేశారో చూడకు, చేసినవాళ్ళలో నూటికి ఎంతమంది దగ్గర దొరికిందో చూడు. నల్లవాళ్ళ దగ్గర నూటికి పది, తెల్లవాళ్ళ దగ్గర నూటికి ముప్పై దొరికితే దాని అర్థమేమిటి? తెల్లవాడి డిక్కీ తెరవాలంటే పోలీసుకి గట్టి అనుమానం కావాలి, నల్లవాడిది తెరవడానికి చిన్న సాకు చాలు. ఎక్కువమందిని ఊరికే వేధిస్తున్నారు కాబట్టే దొరికే శాతం పడిపోయింది.

విల్కిన్స్ కేసు వల్ల పుట్టిన ఆ మేరీలాండ్ రికార్డుని తీసుకుని 2001లో నోల్స్, పెర్సికో, టాడ్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు ఈ పరీక్ష పెట్టారు. మొత్తం 1,590 సోదాలు. తెల్లవాళ్ళ బండ్లలో 32 శాతంలో ఏదో ఒకటి దొరికింది, నల్లవాళ్ళ బండ్లలో 34 శాతంలో. హిస్పానిక్ డ్రైవర్ల బండ్లలో 11 శాతంలోనే. ఆ ముగ్గురూ తేల్చిందేమంటే, హిస్పానిక్‌ల మీద వివక్ష కనబడుతోంది, నల్లవాళ్ళ మీద కనబడటం లేదు.

చూశారా? 63 శాతం సోదాలు భరించిన జనం, వాళ్ళే పోరాడి తెచ్చిన రికార్డు, దాంట్లోంచే "మీ మీద వివక్ష లేదు" అనే తీర్పు. ఇట్లాంటి చోట మనమైతే ఏం చేస్తాం? చదువుకున్నోళ్ళ లెక్కలన్నీ మోసమని పేపరు చింపేస్తాం. అక్కడ కొందరు మాత్రం ఆ లెక్కలోనే తప్పు ఎక్కడుందో వెతికారు. దొరికింది కూడా. అది అర్థమైతే మన చెక్‌పోస్టు దగ్గర జరిగేదీ అర్థమవుతుంది, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

ఒక చెక్‌పోస్టు ఊహించుకోండి. అంకెలన్నీ ఊహకే, ఎవరి లెక్కా కాదు. అక్కడికి కార్లవాళ్ళు వస్తారు, పాత బైకులవాళ్ళు వస్తారు. కార్లలో సగం మంది మీద పెద్దగా అనుమానం లేదు, అట్లాంటివాళ్ళని నూరు మందిని చూస్తే పది మంది దగ్గర దొరుకుతుంది. మిగతా సగం మీద గట్టి అనుమానం, నూటికి నలభై. బైకులవాళ్ళలోనూ సగం మంది నూటికి పది రకమే. మిగతా సగం నూటికి డెబ్భై. ఇప్పుడు ఎస్సై మనసులో రెండు గీతలున్నాయి. కారు డిక్కీ తెరవాలంటే నూటికి ముప్పై పాళ్ళు అనుమానం ఉండాలి. బైకుకి నూటికి అయిదు చాలు.

ఏమవుతుంది? కార్లలో నలభై రకంవాళ్ళనే ఆపుతాడు. దొరికే శాతం 40. బైకుల్లో పది రకాన్నీ డెబ్భై రకాన్నీ, అందర్నీ దింపుతాడు. సగటు కడితే దొరికే శాతం అదీ 40. రెండూ సమానం! పై అధికారి ముందు, కోర్టు ముందు కాగితం పెట్టి "చూడండి, అందరి దగ్గరా ఒకే శాతం దొరుకుతోంది, మాకు వివక్షెక్కడిది" అనొచ్చు. కానీ నూటికి పది రకం కారువాడు పాట వింటూ దాటిపోయాడు. అదే నూటికి పది రకం బైకువాడు సంచి విప్పి, చెప్పులు విప్పి, జేబులు తిరగేసి నిలబడ్డాడు. అట్లా నిలబడ్డ నూరు మందిలో తొంభై మంది ఏ పాపం ఎరగనివాళ్ళు. వివక్ష అంతా ఆ తొంభై మంది మీద జరిగింది. సగటులో వాళ్ళు మాయమైపోయారు.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. ఎస్సై అందరికీ ఒకే గీత పెట్టి నిజాయితీగా పనిచేసినా, రెండు గుంపుల తీరు వేరైతే దొరికే శాతాలు వేరుగా వచ్చి వివక్ష ఉన్నట్టు కనబడొచ్చు. కాబట్టి శాతాలు సమానమైతే న్యాయం, తేడా ఉంటే అన్యాయం అని కళ్ళు మూసుకుని చెప్పలేం. చూడాల్సింది ఆ గీత. ఎంత అనుమానం వస్తే ఈ మనిషి బండి తెరుస్తున్నారు, ఎంత వస్తే ఆ మనిషి బండి తెరుస్తున్నారు?

గీత పోలీసు మనసులో ఉంటుంది, కంటికి కనబడదు. దాన్ని బయటి నుంచి అంచనా కట్టే పద్ధతిని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కామెలియా సిమోయు, సామ్ కార్బెట్-డేవిస్, శరద్ గోయల్ తయారుచేసి 2017లో ప్రచురించారు. నార్త్ కరోలినా రాష్ట్రంలో వంద పెద్ద పట్టణాల పోలీసులు బండ్లు ఆపిన 45 లక్షల రికార్డులు తీసుకున్నారు. ఒక్కో పట్టణంలో ఏ జాతివాళ్ళని ఎంత తరచుగా సోదా చేశారు, ఎంత తరచుగా దొరికింది, ఈ రెండు అంకెల్నీ కలిపి, వంద పట్టణాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో అంచనాకొస్తుంది. ఒక్క ఊరి అంకెలతో రాదు, వంద ఊళ్ళవి కావాలి. నల్లవాళ్ళకీ హిస్పానిక్‌లకీ పెట్టిన గీత తెల్లవాళ్ళ గీత కంటే బాగా కిందికి ఉందని తేలింది. దాదాపు సగం ఎత్తులో.

తర్వాత ఇంకా పెద్ద పని మొదలుపెట్టారు. అమెరికాలోని 50 రాష్ట్రాలనీ రికార్డులు అడిగి, ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని, దాదాపు 10 కోట్ల ఘటనల్ని పోగుచేశారు. 21 రాష్ట్రాల హైవే పోలీసులవి, 35 నగరాల పోలీసులవి. 2020లో ఫలితం వచ్చింది. దేశం మొత్తం మీద చూసినా ఆ గీత నల్లవాళ్ళకీ హిస్పానిక్‌లకీ కిందే ఉంది. ఇంకో ముచ్చట కూడా తేలింది. సాయంత్రం ఏడు గంటలు వేసవిలో వెలుతురు, చలికాలంలో చీకటి. అదే గంట, అదే రోడ్డు. చీకటి పడ్డాక డ్రైవరు ముఖం దూరం నుంచి కనబడదు. చీకట్లో ఆపిన బండ్లలో నల్లవాళ్ళ వాటా తగ్గింది. చీకటి తెర పరీక్ష అనుకోవచ్చు దీన్ని. గ్రోగర్, రిడ్జ్‌వే అనే ఇద్దరు 2006లో ఓక్లాండ్ నగరం మీద మొదట వాడారు. అక్కడ వివక్షకి పెద్దగా ఆధారం దొరకలేదని కూడా వాళ్ళే రాశారు. పరీక్ష అన్నాక అట్లాగే ఉండాలి. మనకి కావలసిన జవాబే ప్రతిసారీ వచ్చే పరీక్ష పరీక్షే కాదు.

ఆ 2020 పనిలో మనకి బాగా తగిలే సంగతి ఇంకొకటి ఉంది. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2012లో గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేశారు. దాని తర్వాత బండ్ల సోదాలు తగ్గిపోయాయి, అన్ని జాతులవాళ్ళకీ. కానీ గీతల్లో తేడా మాత్రం పోలేదు. సోదాలు తగ్గినా అప్పటికీ నల్లవాడిని తక్కువ అనుమానానికే దింపుతున్నారు. అంటే ఇది ఒక్క గంజాయి చట్టం సంగతి కాదు. చూసే కన్నుదే.

ఇప్పుడు మన రోడ్లకి రండి.

జాతి అనే మాట అక్కడిది. ఇక్కడ చెక్‌పోస్టు దగ్గర పోలీసు మన సర్టిఫికెట్ అడగడు. చూసేది వేరు. ముఖం, రంగు, పచ్చబొట్టు, భుజాన సంచి, బండి పాతదా కొత్తదా, "ఏ ఊరు రా?" అంటే మనం పలికే తెలుగు. ఆంధ్రలో రాష్ట్రమంతటికీ ఒకే నంబరు సిరీస్ వచ్చాక కొత్త బండి నంబరు చూసి ఏ జిల్లాదో చెప్పడం కుదరదు. పర్లేదు, మన ముఖం చెప్తుంది. అప్పుడు "బ్యాగ్ తియ్" అంటాడు. ఒప్పుకుంటారా అని అడిగే పద్ధతి ఇక్కడ వినబడదు.

ఈ చూపు నిన్న మొన్న పుట్టింది కాదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు కొన్ని కులాల్నీ తెగల్నీ పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేశారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ అది వచ్చింది. ఎరుకలవాళ్ళు స్టూవర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలికారు, ఊరు దాటాలంటే అనుమతి కాగితం చూపించారు. 1952లో ఆ చట్టం పోయింది, దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు చాలా రాష్ట్రాల్లో వచ్చి కూచున్నాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కుల వివక్ష మీద సుకన్యా శాంత కేసులో ఇచ్చిన తీర్పులో, విముక్త తెగలవాళ్ళని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా పోలీసులు జాగ్రత్తలు పాటించాలని కూడా చెప్పింది. ఆ మాట 2024లో చెప్పాల్సి వచ్చిందంటే మిగతాది మీకు తెలుసు.

సరే, వివక్ష ఉందని మనం అంటున్నాం. అమెరికాలో పెట్టిన పరీక్ష ఇక్కడ పెడదామా? పెట్టలేం. ఎందుకంటే ఆ పరీక్షకి కావలసిన మొదటి అంకే మన దగ్గర లేదు.

ఏమీ దొరకని సోదా మన దేశంలో ఎక్కడా కాగితం మీదికి రాదు. దొరికితే ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, ఫోటో, ప్రెస్ మీట్, ముఖానికి ముసుగేసి వెనక నిలబెట్టిన ఇద్దరు కుర్రాళ్ళు. దొరక్కపోతే "పో". అంతే. అరగంట నిలబెట్టిన సంగతి, సంచిలోని సంత సామాను రోడ్డు మీద కుమ్మరించిన సంగతి, పక్కనున్న ఆడమనిషి ముందు అన్న మాటలు, ఇవన్నీ ఆ "పో" అనే ఒక్క మాటతో చెరిగిపోతాయి. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 105వ సెక్షన్ సోదానీ జప్తునీ వీడియో తీయమంటోంది, మంచిదే. అది చెప్పేది ఒక చోటుని సోదా చెయ్యడం గురించి, వస్తువు స్వాధీనం చేసుకోవడం గురించి. రోడ్డు మీద ఆపి, వెతికి, ఏమీ లేక వదిలేసిన బైకు ఆ లెక్కలోకి వస్తుందని ఎవరూ అనుకోవడం లేదు. కేంద్రం ఏటా వేసే జైలు గణాంకాల్లో ఎస్టీ ఖైదీలెందరో ఉంటుంది. ఆ జైలు దాకా పోయే దారి మొదట్లో, రోడ్డు మీద ఎవర్ని ఆపారో ఉండదు.

దీనివల్ల ఏం జరుగుతోందో చూడండి. బైకుల్నే ఎక్కువ ఆపుతారు. కాబట్టి బైకుల్లోనే ఎక్కువ దొరుకుతుంది. దొరికినవే కాగితం మీదికి వస్తాయి. ఆ కాగితాలు కలిపి "నిందితుల్లో ఇంతమంది గిరిజనులే" అని ఒక అంకె తయారవుతుంది. ఆ అంకె చూపించి మళ్ళీ బైకుల్నే ఆపుతారు. గానుగెద్దులాగా అదే చుట్టు. వల ఒక్క చెరువులోనే వేసి, చేపలన్నీ ఇందులోనే ఉన్నాయని చెప్పినట్టుంది. పేపర్లలో వచ్చే పెద్ద పట్టివేతలు గమనించండి, లారీల కింద రహస్య అరలు, కార్లలో చేయించిన డబ్బాలు. అవి చాలావరకు ముందస్తు సమాచారంతో పట్టుకున్నవని పోలీసులే చెప్తారు. మరి సమాచారం లేకుండా, ముఖం చూసి ఆపిన బండ్లలో నూటికి ఎన్నిట్లో దొరికింది? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు.

జవాబు లేకపోవడం ఎవరికి మేలో ఆలోచించండి. మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, చాలా కఠినమైంది. గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ళకి తక్కువ కాకుండా శిక్ష, 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడమే కష్టం. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చెయ్యమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇస్తుంది. ఆడవాళ్ళని ఆడవాళ్ళే సోదా చెయ్యాలి. కానీ ఆ 50వ సెక్షన్ ఒంటికే వర్తిస్తుంది, సంచికీ బండికీ కాదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే బండి సోదా దగ్గర మన రక్షణ ఇంకా పలచన. ఇదే చట్టంలో చాలామంది లాయర్లు కూడా ఎత్తని 58వ సెక్షన్ ఒకటుంది. సరైన అనుమానం లేకుండా బండి సోదా చేసినా, వేధించడానికి మనిషిని నిలిపేసినా ఆ అధికారికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పుస్తకంలో ఉంది. వాడాలంటే రుజువు కావాలి. ఒక్క మనిషి "నన్ను ఊరికే ఆపారు" అంటే, "అనుమానం వచ్చింది" అని అధికారి ఒక్క మాటలో తేల్చేస్తాడు. అదే చెక్‌పోస్టులో ఆ నెలలో వెయ్యి బండ్లు తెరిచి రెండిట్లోనే దొరికిందని రికార్డు చూపించగలిగితే, ఆ అనుమానం ఏపాటిదో కోర్టే అడుగుతుంది.

కాబట్టి మన డిమాండు సోదాలు ఆపమని కాదు. ప్రతి సోదాకి చీటీ ఇవ్వమని. తేదీ, టైము, చోటు, బండి రకం, ఏ కారణం మీద ఆపారు, ఏం దొరికింది, ఏమీ దొరక్కపోతే "ఏమీ లేదు" అని, ఆపిన అధికారి పేరు. ఒక కాపీ మనకి, ఒకటి స్టేషన్లో. బండి మనిషి ఒప్పుకుంటే తన సామాజిక వర్గం తనే చెప్పాలి, పోలీసు ముఖం చూసి రాయకూడదు. ఇదేదో గొంతెమ్మ కోరిక అనుకోకండి. ఇంగ్లండులో 1984 నాటి చట్టం కిందే మనిషినీ బండినీ ఆపి సోదా చేస్తే రికార్డు రాయాలి, ఆ మనిషి అడిగితే కాపీ ఇవ్వాలి. ఆ లెక్కలు ప్రభుత్వమే ఏటా వేస్తుంది. నల్లవాళ్ళని తెల్లవాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సోదా చేస్తున్నారని ఆ ప్రభుత్వ లెక్కే చెప్తోంది. చీటీ ఉన్నంత మాత్రాన వివక్ష ఆగలేదు, నిజం. కానీ అక్కడ ఎవరూ "అట్లాంటిదేం లేదు" అని తప్పించుకోలేరు.

"ప్రతి బండికీ చీటీ అంటే కానిస్టేబుల్‌కి టైమెక్కడిది" అంటారు. హెల్మెట్ లేకపోతే నిమిషంలో ఫోటో తీసి ఈ-చలానా ఫోనుకి పంపిస్తున్నారు కదా. అదే మిషన్‌లో ఇంకో నాలుగు గడులు పెట్టడం పెద్ద పనేం కాదు.

ఈలోగా మనం చెయ్యగలిగింది కూడా ఉంది. లాంబర్త్ చేసిన పని చదువుకున్న ఏ పిల్లలైనా చెయ్యగలరు. సంత రోజు చెక్‌పోస్టు కనబడే చోట, వాళ్ళ పనికి అడ్డం రాకుండా, టీ కొట్టు దగ్గరో బస్టాపులోనో ఇద్దరు కూచోండి. ఒకరు దాటిపోయే బండ్లన్నీ రకాల వారీగా లెక్కపెట్టాలి. కారు, బైకు, ఆటో, జీపు, లారీ. రెండోవారు ఆపినవి, తెరిచినవి, పక్కకి పెట్టినవి. టైము వెయ్యాలి. పేర్లు వద్దు, నంబర్లు వద్దు, వీడియో తీసి గొడవకి దిగడం అసలే వద్దు. ఆపని బండ్లు కూడా రాయాలి, అదే ముఖ్యం. మనకి కోపం తెప్పించినవే రాసుకుంటే పోలీసులు చేస్తున్న పనే మనమూ చేసినట్టు. ఒక్క రోజుది పనికిరాదు, ఒక్క చెక్‌పోస్టుదీ చాలదు. ముఖం చూసి ఎవరు ఆదివాసీయో రాసే పని కూడా పెట్టుకోకండి, బండి రకమే రాయండి. మనుషుల మాట కావాలంటే గూడెంలో ఇంటింటికీ పోయి, ఈ నెలలో ఎన్నిసార్లు ఆపారు, ఎన్నిసార్లు సంచి విప్పించారు అని అడగండి. అదే ప్రశ్న మండల కేంద్రంలో గిరిజనేతరుల ఇళ్ళలోనూ అడగాలి. లేకపోతే దేంతో పోలుస్తాం?

చీకటి తెర పరీక్ష మాత్రం మన దగ్గర కుదరదు. హైవే మీద దూసుకుపోయే బండికి అది సరే. మన చెక్‌పోస్టు దగ్గర డ్రమ్ములు అడ్డం పెడతారు, అందరూ ఆగాల్సిందే, టార్చి లైటు నేరుగా ముఖం మీదే పడుతుంది. ఇక్కడ రాత్రికి తెర లేదు.

ఈ లెక్క మనం అనుకున్నట్టు రాకపోవచ్చు కూడా. ఏదో ఒక చెక్‌పోస్టులో అందర్నీ ఒకేలా చూస్తున్నారని తేలొచ్చు. తేలితే ఆ మాటా రాద్దాం, ఈ పేజీలోనే. అక్కడి ఎస్సై ఏం చేస్తున్నాడో పక్క చెక్‌పోస్టువాళ్ళకి చూపిద్దాం.

మొదటి అడుగు ఇంకా చిన్నది. మీ జిల్లా పోలీసు కార్యాలయంలోనూ, ఎక్సైజు కార్యాలయంలోనూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫలానా చెక్‌పోస్టులో ఈ ఆరు నెలల్లో ఎన్ని వాహనాలు ఆపారు, ఎన్ని సోదా చేశారు, ఎన్నిట్లో నిషిద్ధ సరుకు దొరికింది, ఎన్నిట్లో ఏమీ దొరకలేదు, నెలవారీగా ఇవ్వండి అని. నాలుగో అంకె దగ్గర వాళ్ళు ఏం రాస్తారో చూడండి. "అట్టి వివరములు నిర్వహించబడుట లేదు" అని రాసిచ్చినా సరే, సంతకం, స్టాంపు ఉన్న ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. జెరాక్సు తీసి మాకూ పంపండి.